సిలికాన్ యానోడ్ చిన్న కంపెనీ షేరు: ఇప్పుడే కొనాలా, ఆగాలా?

నయీంనగర్ ఇన్వెస్టర్:

మా అన్నయ్య కెనడాలో ఉంటాడు. ఈమధ్య ఎప్పుడు ఫోన్ చేసినా హెచ్‌పీక్యూ సిలికాన్ గురించే మాట్లాడుతున్నాడు. మాంట్రియల్‌లోని చిన్న కంపెనీ. అక్కడ చిన్న కంపెనీల షేర్ మార్కెట్ అయిన టీఎస్ఎక్స్ వెంచర్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. క్వార్ట్జ్ రాయి నుంచి సిలికాన్ తీసే ప్లాస్మా టెక్నాలజీ మీద పైరోజెనిసిస్ అనే కంపెనీతో కలిసి పనిచేసింది. ఫ్రాన్స్‌లోని నోవాసియం అనే కంపెనీతో కలిసి బ్యాటరీలకు పనికొచ్చే సిలికాన్ మెటీరియల్ తయారుచేస్తోంది. 18650 అనే సైజు గుండ్రటి బ్యాటరీ సెల్స్‌లో పెట్టి పరీక్షించి ఫలితాలు కూడా ప్రకటించింది.

నేను కొనాలనే అనుకుంటున్నాను. లిథియం బ్యాటరీ యానోడ్‌లో, అంటే చార్జింగ్ అప్పుడు లిథియం వెళ్లి చేరే వైపున, ఇప్పుడు ఎక్కువగా వాడేది గ్రాఫైట్. అది గ్రాముకు 372 మిల్లీయాంపియర్ అవర్లు మాత్రమే పట్టుకుంటుంది. సిలికాన్ సుమారు 3,600 పట్టుకోగలదు. పైగా గ్రాఫైట్ శుద్ధి దాదాపు అంతా చైనా చేతిలోనే ఉంది. 2023 డిసెంబర్ నుంచి ఆ దేశం ఎగుమతులకు పర్మిట్లు కూడా పెట్టింది. ప్రత్యామ్నాయం కోసం అందరూ వెతుకుతున్నారు. పోర్షే 2022లో గ్రూప్14 అనే సిలికాన్ యానోడ్ మెటీరియల్ కంపెనీలో డబ్బు పెట్టింది ఇందుకే కదా? మన హనుమకొండ చౌరస్తాలో అమ్ముతున్న వన్‌ప్లస్ 13లో ఉన్నదీ సిలికాన్ కార్బన్ బ్యాటరీయే. రేపటి సంగతి కాదిది, ఇప్పటికే జేబుల్లో ఉంది. మా ఫ్రెండ్స్ ఇద్దరు చిట్టీ ఎత్తి మరీ పెడతామంటున్నారు. మీ అభిప్రాయం చెప్పండి.

కాజీపేట కెమిస్ట్:

సిలికాన్ గురించి నువ్వు చెప్పిన అంకెలు కరెక్టే. కానీ ఆ అంకె వెనకాల ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. లిథియం లోపలికి వెళ్లినప్పుడు గ్రాఫైట్ పది శాతం ఉబ్బితే, సిలికాన్ పరిమాణం మూడింతలు దాటుతుంది. చార్జింగ్ అయిన ప్రతిసారీ ఉబ్బడం, వాడినప్పుడల్లా కుంచించుకుపోవడం. కొన్నాళ్లకు ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది. నెర్రె పడిన ప్రతిచోటా కొత్త ఉపరితలం బయటపడుతుంది, దాని మీద మళ్లీ పొర ఏర్పడుతుంది, ఆ పొర కొంత లిథియాన్ని తినేస్తుంది. అలా కెపాసిటీ పడిపోతూ వస్తుంది.

దీనికి దారులు లేకపోలేదు. కణాలను నానో సైజుకు తేవడం, ఉబ్బడానికి చోటు ఉండేలా కార్బన్ గూళ్లలో సిలికాన్‌ను నింపడం, గ్రాఫైట్‌లో కొద్ది శాతమే కలపడం. నువ్వు చెప్పిన ఫోన్‌లోనూ యానోడ్ అంతా సిలికాన్ కాదు, కార్బన్‌తో కలిసిన మెటీరియల్. అది వచ్చింది కూడా కెనడా నుంచి కాదు.

ల్యాబ్‌లో కొన్ని సెల్స్ చేసి మంచి రిజల్ట్ చూపించడం ఒక పని. అదే నాణ్యతతో టన్నులకు టన్నులు, ఏ బ్యాచ్‌లోనూ తేడా రాకుండా ఇవ్వడం వేరే పని. కార్ల కంపెనీ అయితే ఎ శాంపిల్, బి శాంపిల్, సి శాంపిల్ అని దశలవారీగా పరీక్షిస్తుంది. దానికి ఏళ్లు పడుతుంది. సిలా అనే అమెరికా సిలికాన్ యానోడ్ కంపెనీ 2011లో మొదలైంది. దాని మెటీరియల్‌తో మొదటి వస్తువు మార్కెట్లోకి వచ్చింది 2021లో, అది కూడా చేతికి పెట్టుకునే వూప్ బ్యాండ్.

సుల్తానాబాద్ మిల్లు:

క్వార్ట్జే ఎందుకు సార్? మా దగ్గర బాయిలర్‌లో ఊక కాల్చాక మిగిలే బూడిదలో సిలికానే ఎక్కువ అంటారు. తెల్లారేసరికి గుట్ట పేరుకుంటుంది. తడిపి ఉంచకపోతే గాలికి లేచి కళ్లల్లో పడుతుంది. ఇటుక బట్టీలవాళ్లు ట్రాక్టర్ తెస్తే ఎక్కించి పంపేస్తాం. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఏ మిల్లు చూసినా ఇంతే. మన డబ్బు మన బూడిద మీద పెట్టే కంపెనీ ఏదైనా ఉందా?

కాజీపేట కెమిస్ట్:

మీ ప్రశ్న చాలా సరైనది. ఊక బూడిదలో 85 శాతం పైనే సిలికా ఉంటుంది. దాన్నుంచి యానోడ్ సిలికాన్ తీయవచ్చని 2013లోనే పరిశోధన పత్రాలు వచ్చాయి. చిక్కు ఏమిటంటే బూడిదలో ఉన్నది సిలికా, సిలికాన్ కాదు. ఆక్సిజన్‌ను విడగొట్టడానికి మెగ్నీషియం వాడాలి, తర్వాత యాసిడ్‌తో కడగాలి. ముడిసరుకు చవకే, ఖర్చంతా ఆ తర్వాతే. ఇక్కడ ఎన్ఐటీలోనో, మరో ల్యాబ్‌లోనో ఆ ఖర్చు తగ్గించే దారి దొరికితే మొదట సంతోషించేది నేనే.

హంటర్ రోడ్ ఆడిటర్:

తమ్ముడూ, సిలికాన్ మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మంచిదే. ఆ కంపెనీ జీతాలు, కరెంటు బిల్లు ఎవరి డబ్బుతో కడుతోంది? అది చూడు.

ఇలాంటి చిన్న కంపెనీలకు అమ్మకాలు తక్కువ, ఖర్చు ఎక్కువ. అందుకే ప్రైవేట్ ప్లేస్‌మెంట్ అని కొత్త షేర్లు ఇచ్చి డబ్బు తెచ్చుకుంటాయి. వాటితో వారెంట్లు కూడా ఇస్తాయి. అంటే తర్వాత ఒక నిర్ణీత రేటుకు ఇంకొన్ని షేర్లు కొనే హక్కు. లెక్క వేద్దాం. పది కోట్ల షేర్లున్న కంపెనీలో నువ్వు కొన్నావనుకో. మూడేళ్లలో కంపెనీ విలువ రెట్టింపయింది, మీ అన్న చెప్పినట్టే జరిగింది. కానీ ఈలోపు షేర్లు పదిహేను కోట్లయ్యాయి. నీ షేరు రెట్టింపు కాదు, మూడో వంతే పెరుగుతుంది. టెక్నాలజీ గెలిచినా నీకు దక్కేది అంతే.

కెనడా లిస్టెడ్ కంపెనీల రిపోర్టులన్నీ సెడార్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రెస్ రిలీజ్ పక్కన పెట్టి మూడు నెలల రిపోర్ట్ తెరువు. ఆపరేషన్స్ నుంచి వచ్చిన క్యాష్ ఎంత, షేర్ల సంఖ్య పోయినేడు ఎంత, ఇప్పుడు ఎంత, వారెంట్లు ఎన్ని మిగిలాయి? ఆర్డర్ ఉందంటే అది ఉత్త అవగాహన పత్రమైన ఎమ్ఓయూనా, డబ్బు కట్టిన పర్చేజ్ ఆర్డరా?

ఇంకొకటి. అన్నయ్య ఖాతాలో కొంటే అవి అన్నయ్య షేర్లే, నీ పేరు మీద కాగితం ముక్క ఉండదు. విదేశాలకు డబ్బు పంపడానికి ఆర్‌బీఐ ఇచ్చిన ఎల్ఆర్ఎస్ పథకం కింద నీ పేరు మీదే పంపి కొను. ఏటా ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపు.

నయీంనగర్ ఇన్వెస్టర్:

అన్నా, షేర్ల సంఖ్య సంగతి నిజంగా నేను చూడలేదు, చూస్తాను. కానీ అన్నీ తేలేదాకా ఆగితే రేటు మనకు అందదు. ఆంప్రియస్ చూడండి. అదీ సిలికాన్ యానోడ్ కంపెనీయే. 2024లో డాలర్ దగ్గరికి పడింది, 2025లో పది డాలర్లు దాటింది. భయపడినవాళ్లకు ఏం మిగిలింది?

హంటర్ రోడ్ ఆడిటర్:

ఆంప్రియస్ డ్రోన్లకు, విమానాలకు సెల్స్ అమ్ముతోంది. కస్టమర్ డబ్బు కడుతున్నాడు. నేనడిగేది అదే. క్వాంటమ్‌స్కేప్ కూడా చూడు. సిలికాన్ కాదు, సాలిడ్ స్టేట్ బ్యాటరీ. 2020 డిసెంబర్‌లో 130 డాలర్లు దాటింది, 2022లో పది డాలర్ల లోపుకు వచ్చింది.  రేటు ముందు పరిగెత్తింది, అమ్మకాలు రాలేదు.

నీ సేవింగ్స్‌లోంచి, పోయినా ఇల్లు గడిచేంత పెడితే నాకు అభ్యంతరం లేదు. చిట్టీ ఎత్తే ఆ ఇద్దరి విషయంలో మాత్రం ఒప్పుకోను. ఎత్తాక ప్రతి నెలా వాయిదా కట్టాల్సిందే. సి శాంపిల్ ఎప్పుడు పాసవుతుందో ఆ కంపెనీకే తెలియదు. ఈ రెండూ ఎలా కలుస్తాయి? వాళ్లను ఒకసారి ఇక్కడికి రమ్మను, నేను మాట్లాడతాను.

నయీంనగర్ ఇన్వెస్టర్:

వాళ్లకు ఈ థ్రెడ్ పంపుతున్నాను అన్నా. నేను మాత్రం కొంచెం కొంటాను, నా పేరు మీదే.