52 ఏళ్లకు చేతిలో 20 లక్షలు: ప్లాటా, పీఎఫ్ పెంచడమా?

కూకట్‌పల్లి వాసి: 2032లో నాకు 58 నిండుతాయి. ప్రైవేటు ఉద్యోగం, 2004 నుంచి పీఎఫ్ ఉంది. ఉంటున్న ఫ్లాట్ మీద అప్పు తీరిపోయింది. ఊళ్లో పొలం అమ్మితే నా వాటాకు 20 లక్షలు వచ్చాయి. షాద్‌నగర్ దగ్గర వెంచర్‌లో 150 గజాలు కొనమంటాడు మా బావమరిది. జీతంలోంచి వీపీఎఫ్ (పీఎఫ్‌లో మన ఇష్టంతో అదనంగా వేసే వాటా) పెంచుకోమంటారు ఆఫీసులో అకౌంట్స్ ఆయన. ఏది మేలంటారు?

గజం లెక్క: ప్లాటే సార్. పీఎఫ్ వడ్డీ ఏటా మారొచ్చు, భూమి ఎక్కడికీ పోదు. ఇంకో మాట, బ్యాంకులో 20 లక్షలున్నాయని తెలిస్తే అడిగేవాళ్లు బయల్దేరతారు. ప్లాటును చేబదులు ఎవరూ అడగరు!

లెక్కల పంతులు: ఆ చివరి మాట మాత్రం నిజం. వాసి గారూ, పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్ నెలకు ఎంత వస్తుందనుకుంటున్నారు?

కూకట్‌పల్లి వాసి: 28 ఏళ్ల సర్వీసు, పెన్షన్ లెక్కలో కలిపే బోనస్ 2 ఏళ్లు. 30ని జీతం పరిమితి 15,000తో గుణించి 70తో భాగిస్తే 6,400 పైన వస్తోందండీ.

లెక్కల పంతులు: అంత రాదు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు జీతం 6,500 దాటకుండా లెక్కేస్తారు. మీకు వచ్చేది ఐదు వేల పైచిలుకే. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, కరెంటు బిల్లుకే అది చెల్లు. నెలనెలా చేతికి ఏమీ ఇవ్వని ప్లాటును అప్పుడేం చేసుకుంటారు?

20 లక్షలు ఒకేసారి వీపీఎఫ్‌లో వేయలేరు కాబట్టి, జీతంలో కోత పెంచి ఇంటి ఖర్చుకు ఈ డబ్బు వాడండి. 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. ఏడాదికి మీ వాటా 2.5 లక్షలు దాటితే పైమొత్తం వడ్డీ మీద పన్ను పడుతుంది, మామూలుగా కోసే 12 శాతం కూడా అందులోనే లెక్క. రిటైరయ్యాక చేతికొచ్చే డబ్బులో 30 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ అనే ప్రభుత్వ పొదుపు పథకంలో వేస్తే, 2025 నాటి 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. 60 నిండక్కర్లేదు, రిటైర్మెంట్ డబ్బు అందిన మూడు నెలల్లో ఖాతా తెరిస్తే చాలు.

గజం లెక్క: అవసరమైతే ప్లాటు అమ్ముకుంటారు కదండీ, పంతులుగారూ?

మేడ్చల్ అక్క: అమ్మడం అంత తేలికా తమ్ముడూ? మా ఆయన రిటైరయ్యాక ప్లాటు బేరానికి పెడితే, వచ్చిన ప్రతివాడూ ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ క్రమబద్ధీకరణ) అయిందా అని అడిగి వెళ్లిపోయేవాడు. చివరికి అమ్మినా, లాభం మీద 12.5 శాతం పన్ను ఉంటుంది. వాసి గారూ, ముందు సొంతంగా హెల్త్ పాలసీ తీసుకోండి. కంపెనీది ఉద్యోగంతోనే పోతుంది. బీపీ, షుగర్ ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

కూకట్‌పల్లి వాసి: షుగర్ ఉందండీ. పాలసీ సంగతి ఈ వారమే చూస్తాను. బావమరిదికి ఏం చెప్పాలన్నదే టెన్షన్, అడ్వాన్స్ ఇస్తానని ఆయనే మాటిచ్చేశాడు.

గజం లెక్క: మాటిచ్చింది ఆయన కదా సార్, ప్లాటు ఆయన్నే తీసుకోమనండి.