కిడ్నీ మార్పిడి అయ్యాక తండ్రి కావచ్చా?

ప్రశ్న: మార్పిడి జరిగి రెండేళ్లయింది, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.2 దగ్గర నిలకడగా ఉంది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ మందులు వాడుతున్నాను. పిల్లల కోసం ప్రయత్నిస్తే ఈ మందుల వల్ల బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని నాకూ నా భార్యకూ ఒకటే టెన్షన్.

జవాబు 1: ధైర్యంగా ఉండండి అన్నా, మా పాప నాకు మార్పిడి అయిన నాలుగో ఏట పుట్టింది. నేను అలాంటిదే సిరోలిమస్ అనే మందు వాడేవాణ్ణి, దానివల్ల వీర్యకణాలు బాగా తగ్గిపోయాయి, ఆ రిపోర్టు పట్టుకుని ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. డాక్టర్ మందు మార్చాక కొన్ని నెలలకు మెరుగైంది.

జవాబు 2: మైకోఫెనోలేట్ ముప్పు ముఖ్యంగా గర్భం దాల్చే ఆడవాళ్లకు. తండ్రి వాడితే బిడ్డకు లోపాలు పెరుగుతాయని ఇప్పటిదాకా తేలలేదు, అయినా ముందుజాగ్రత్తగా వాడినన్నాళ్లూ, ఆపాక 90 రోజులూ గర్భనిరోధం పాటించమంటారు. మీ అంతట మీరు మాత్రం ఒక్క డోసు కూడా మానొద్దు, కిడ్నీకే ఎసరు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, వచ్చే చెకప్‌కి ఇద్దరం కలిసే వెళ్తాం, వీర్య పరీక్ష కూడా చేయించుకుంటాను.