బ్రౌజర్ కాల్ బాగుందో లేదో చెప్పడానికి ఒక్క ఎంఓఎస్ స్కోరు చాలా?

పాటల_యాప్

మాది హైదరాబాద్‌లో చిన్న టీమ్. బ్రౌజర్‌లోనే నడిచే సంగీతం క్లాసుల యాప్ చేస్తున్నాం. టీచర్లు విజయవాడ, రాజమండ్రి వైపు వాళ్ళు, పిల్లలు ఎక్కువగా డాలస్ చుట్టుపక్కల ఉంటారు. అంతా వెబ్‌ఆర్‌టీసీ, అంటే బ్రౌజర్‌లోనే ఆడియో, వీడియో కాల్స్ నడిపే టెక్నాలజీ. ప్రతి కాల్‌కీ గెట్‌స్టాట్స్ (కాల్ లెక్కలు ఇచ్చే బ్రౌజర్ ఫంక్షన్) నుంచి ప్యాకెట్ లాస్ (దారిలో పోయిన డేటా ముక్కల శాతం), జిట్టర్ (ప్యాకెట్లు వచ్చే వేళల్లో తేడా), రౌండ్ ట్రిప్ టైమ్ (వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం) తీసుకుని, నెట్‌లో చాలామంది వాడే చిన్న ఫార్ములాలో వేసి 1 నుంచి 5 మధ్య ఎంఓఎస్ (మీన్ ఒపీనియన్ స్కోర్, వినేవాళ్ళు వేసే మార్కుల సగటు) స్కోరు చూపిస్తున్నాం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, ఆ ఫార్ములా 93.2 దగ్గర మొదలవుతుంది, ఆలస్యానికి కొంత తీసేస్తుంది, పోయిన ప్యాకెట్లకు ఒక్కో శాతానికి 2.5 తీసేస్తుంది, మిగిలినదాన్ని ఎంఓఎస్‌గా మారుస్తుంది.

డాష్‌బోర్డులో 4.3 కనిపిస్తోంది, పచ్చ రంగు. టీచర్లేమో పాఠం చెప్పలేకపోతున్నాం అంటున్నారు. స్కోరు బాగుంది కాబట్టి వాళ్ళ ఇంట్లో ఏదో సమస్య ఉంటుందని మా మేనేజర్ అంటున్నారు. నాకు స్కోరు మీదే అనుమానం. ఉంచాలా, తీసేయాలా?

టెలికాం_పాతకాపు

తీసేయకు తమ్ముడూ. ఎంఓఎస్ నిన్న మొన్న పుట్టింది కాదు, మనుషుల్ని కూర్చోబెట్టి వినిపించి మార్కులు వేయించే పద్ధతిని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ పి.800 అనే స్టాండర్డులో రాసిపెట్టింది. లెక్కతో అంచనా వేయడానికి జి.107 ఈ-మోడల్ ఉంది. ఇన్నేళ్ళు టెలిఫోన్ నెట్‌వర్కులు వీటి మీదే నడిచాయి. వేల కాల్స్ నడిచే చోట ఒక్క నంబరు లేకపోతే రాత్రి రెండింటికి అలర్ట్ దేని మీద పెడతావు? జ్వరం చూడ్డానికి థర్మామీటర్ పెడతాం, అది ఏ రోగమో చెప్పలేదని పారేయం కదా. స్కోరు పడిపోతే లోపలికి వెళ్ళి చూడు, పడిపోకపోతే పడుకో.

మీడియా_సర్వర్

అన్నా, ఆ చివరి మాటతోనే నాకు పేచీ. స్కోరు పడిపోకపోయినా కాల్ పాడైపోయే దారులు బోలెడున్నాయి, బ్రౌజర్ కాల్స్‌లో అవే ఎక్కువ.

ముందు ఈ-మోడల్ సంగతి. నెట్‌వర్క్ కట్టేముందు ప్లానింగ్ కోసం తయారైన మోడల్ అది, నడుస్తున్న ఒక్కో కాల్‌కి మార్కులు వేయడానికి కాదు. ఇక్కడ వాడుతున్న చిన్న ఫార్ములా అయితే దాన్ని కూడా కోసి కుదించింది. శబ్దాన్ని కుదించి పంపే కోడెక్ ఏదో దానికి తెలియదు, ఓపస్ అనే కోడెక్‌లో ఎఫ్‌ఈసీ (పోయిన ప్యాకెట్‌ని తర్వాతి ప్యాకెట్‌లోంచి తిరిగి కట్టుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో తెలియదు, పోయిన ప్యాకెట్లు అక్కడొకటి ఇక్కడొకటి పోయాయా, వరసగా పోయాయా అన్నది కూడా తెలియదు. లెక్క వేసి చూడండి, డాలస్ కాల్‌లో 5 శాతం ప్యాకెట్లు పోయినా స్కోరు 3.9 దగ్గరే ఆగుతుంది. అయిదు శాతం గుంపుగా పోతే మాట మధ్యలో తెగిపోతుంది, ఎఫ్‌ఈసీతో విడివిడిగా పోతే చాలామందికి తెలియను కూడా తెలియదు. రెండింటికీ ఒకే మార్కు.

ఇంకోటి. కాల్స్ మామూలుగా యూడీపీలో వెళ్తాయి, అది పోయిన ప్యాకెట్లని మళ్ళీ పంపదు. ఆఫీసు ఫైర్‌వాల్ యూడీపీని ఆపేస్తే కాల్ టర్న్ అనే మధ్యవర్తి సర్వర్ మీదుగా టీసీపీలో వెళ్తుంది. టీసీపీ పోయిన ప్రతిదాన్నీ మళ్ళీ పంపిస్తుంది కాబట్టి మీ ప్యాకెట్ లాస్ సున్నా! కానీ ఒక ప్యాకెట్ కోసం వెనకున్నవన్నీ ఆగుతాయి, తర్వాత ఒక్కసారిగా వచ్చి పడతాయి. అలా ఆలస్యంగా వచ్చినవాటిని బ్రౌజర్ పారేసినా అవి పోయిన లెక్కలోకి రావు, ఎందుకంటే "వచ్చాయి" కదా. మధ్యలో ఎస్‌ఎఫ్‌యూ సర్వర్ (ఒకరి ఆడియో, వీడియోని మిగతావాళ్ళకి అందించేది) ఉంటే మీకు కనిపించే రౌండ్ ట్రిప్ టైమ్ మీ నుంచి సర్వర్ దాకానే, అవతలి మనిషి దాకా కాదు. ముంబైలో సర్వర్ పెట్టి విజయవాడ టీచర్ వైపు నుంచి కొలిస్తే ఆ నంబరు ఎప్పుడూ ముద్దుగానే ఉంటుంది.

చెవికి ఏం చేరిందో చెప్పే లెక్కలు వేరే ఉన్నాయి, అవి అదే గెట్‌స్టాట్స్‌లోనే ఉన్నాయి. శబ్దం అందకపోతే బ్రౌజర్ దాని స్థానంలో ఏదో కల్పించి నింపుతుంది, అదంతా కన్సీల్డ్‌శాంపిల్స్‌లో లెక్కకు వస్తుంది. దాంట్లోంచి సైలెంట్‌కన్సీల్డ్‌శాంపిల్స్ తీసేసి, టోటల్‌శాంపిల్స్‌రిసీవ్డ్‌తో భాగిస్తే విన్నదాంట్లో ఎంత భాగం కల్పితమో తెలుస్తుంది. ఇవన్నీ కాల్ మొదటి నుంచి పెరుగుతూ పోయే లెక్కలు, కాబట్టి కొన్ని సెకన్లకోసారి తీసుకుని తేడా చూడాలి. కాల్ చివర్లో ఒక్కసారి భాగిస్తే పది నిమిషాల నరకం నలభై నిమిషాల మంచిలో కలిసిపోతుంది. వీడియోకి ఫ్రీజ్‌కౌంట్, టోటల్‌ఫ్రీజెస్‌డ్యూరేషన్. పంపేవైపు క్వాలిటీలిమిటేషన్‌రీజన్ కూడా చూడండి, బొమ్మ మసకబారింది బ్యాండ్‌విడ్త్ వల్లా, లాప్‌టాప్ సీపీయూ చాలకపోవడం వల్లా అన్నది అదే చెబుతుంది.

సంగీతం_టీచర్

ఈ యాప్‌లోనే పాఠాలు చెబుతున్నాను, లింకు పంపితే చదువుతున్నాను. మీ లెక్కలు నాకు తెలియవు బాబూ, మాకేం జరుగుతోందో చెబుతాను.

శనివారం పొద్దున్న ఏడింటికి క్లాసు, వాళ్ళకి శుక్రవారం సాయంత్రం. శ్రుతిపెట్టె పెడతాను. మొదటి కొన్ని సెకన్లు పిల్లకి వినిపిస్తుంది, తర్వాత సన్నగా తగ్గిపోయి మాయమైపోతుంది. నేను పాడుతున్నప్పుడు మధ్య మధ్య తళుక్కున వస్తుంది, మళ్ళీ పోతుంది. శ్రుతి వినపడకుండా మాయామాళవగౌళలో సరళీ వరుస పాడించమంటే ఆ పిల్ల ఎక్కడ నిలబడుతుంది? రిషభం పైకి జారిపోతోంది, అది తన తప్పనుకుని ఏడుపు మొహం పెడుతోంది.

రెండోది తాళం. నేను ఆది తాళం వేస్తూ మూడో కాలం పాడితే, అక్కడ కాసేపు లాగినట్టు, కాసేపు తోసినట్టు వినిపిస్తోందట. వాళ్ళమ్మ గారు రికార్డు చేసి పంపితే విన్నాను. నేను అలా పాడలేదు. మాట మాత్రం శుభ్రంగా వినిపిస్తుంది, "ఎలా ఉన్నావమ్మా" అంటే ఏ ఇబ్బందీ లేదు.

మీడియా_సర్వర్

టీచర్ గారూ, మీరు చెప్పిన రెండూ నూటికి నూరుపాళ్ళు నిజం, రెండింటికీ కారణం ఉంది, ఆ 4.3 స్కోరుకి రెండూ కనిపించవు.

శ్రుతి మాయమయ్యేది మీ ఇంట్లోనే, మీ బ్రౌజర్ లోపలే. మైక్ నుంచి వచ్చిన శబ్దంలో ఆగకుండా ఒకేలా మోగేదాన్ని ఫ్యాన్ మోతలాంటి రొదగా లెక్కగట్టి నాయిస్ సప్రెషన్ తగ్గించేస్తుంది. అది రొదేనని తేల్చుకునే దాకా ఆ మొదటి కొన్ని సెకన్లు. ఇదంతా ప్యాకెట్ తయారవకముందే జరిగిపోతుంది. శ్రుతి లేని శబ్దాన్ని నెట్‌వర్క్ చక్కగా, ఒక్క ప్యాకెట్ పోకుండా డాలస్ చేర్చింది, అందుకే స్కోరు పచ్చగా ఉంది. మేనేజర్ గారికి ఇది చూపించండి.

తాళం సంగతి అవతలివైపు జరుగుతుంది. ప్యాకెట్లు ఒకే లయలో రావు కాబట్టి క్రోమ్‌లో నెట్‌ఈక్యూ అనే జిట్టర్ బఫర్ కొంచెం నిల్వ ఉంచుకుంటుంది. నిల్వ తగ్గితే శబ్దాన్ని సాగదీస్తుంది, ఎక్కువైతే కుదిస్తుంది. మాటల్లో ఎవరికీ తెలియదు. కానీ నిమిషానికి 60 దెబ్బల లయలో మూడో కాలం అంటే ఒక్కో స్వరం 250 మిల్లీసెకన్లు, అందులో కొద్దిపాటి సాగదీత కూడా లయ తెలిసిన చెవికి దొరికిపోతుంది. దీనికీ లెక్క ఉంది: సాగదీసినవి ఇన్సర్టెడ్‌శాంపిల్స్‌ఫర్‌డిసెలరేషన్‌లో, కుదించినవి రిమూవ్డ్‌శాంపిల్స్‌ఫర్‌యాక్సిలరేషన్‌లో. సంగీతం యాప్ డాష్‌బోర్డులో ముందు ఉండాల్సినవి ఇవి.

పాటల_యాప్

ఇప్పుడే టెస్ట్ బిల్డ్‌లో, మైక్ శబ్దం తీసుకునే గెట్‌యూజర్‌మీడియా ఫంక్షన్‌లో నాయిస్‌సప్రెషన్, ఆటోగెయిన్‌కంట్రోల్ రెండూ ఫాల్స్ పెట్టి, లాప్‌టాప్ పక్కన ఫోన్‌లో తంబుర యాప్ మోగించి చూశాను. నిలబడింది, మొదటి నుంచి చివరి దాకా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పాత బిల్డ్‌లో, కొత్త బిల్డ్‌లో ఎంఓఎస్ స్కోరు ఒక్కటే. ఒకదాంట్లో తంబుర లేదు, ఒకదాంట్లో ఉంది.

ఎకో క్యాన్సిలేషన్ కూడా తీసేయాలా?

మీడియా_సర్వర్

ఇద్దరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటేనే తీసేయండి, లేకపోతే పిల్ల స్పీకర్‌లోంచి టీచర్ గొంతు తిరిగి టీచర్‌కే వస్తుంది. అలా వచ్చే ఎకోని పట్టిచ్చే మంచి నంబరు కూడా గెట్‌స్టాట్స్‌లో లేదు, మనిషి చెప్పాల్సిందే.

టెలికాం_పాతకాపు

నాయిస్ సప్రెషన్ విషయం ఒప్పుకుంటా, అది నెట్‌వర్క్ కొలత పని కాదు. కానీ మీడియా_సర్వర్ చెప్పిన కల్పిత శాతం కూడా చివరికి ఒక నంబరే కదా? దానికి ఎక్కడ గీత గీస్తావు? నా నంబరు వెనక ఒక స్టాండర్డ్ ఉంది, నీ గీతకి ఏముంది? "మనిషి చెప్పాల్సిందే" అంటే, కాల్ అయ్యాక నక్షత్రాలు అడిగితే ఎంతమంది నొక్కుతారు? కాల్ తెగిపోయినవాడికి ఆ పేజీయే రాదు, బాగా జరిగినవాడు మూసేసి వెళ్ళిపోతాడు.

క్యూఏ_టెస్టర్

నక్షత్రాల గురించి పాతకాపు గారు చెప్పింది కరెక్ట్, నేను చూసిన ప్రతిచోటా అదే. వాటి బదులు కాల్ జరుగుతుండగానే ఒక బటన్ పెట్టండి, "ఇప్పుడు సరిగ్గా వినపడలేదు" అని. నొక్కిన క్షణానికి ముందు అర నిమిషం లెక్కలు దాచుకుంటే అయిదు నక్షత్రాల కంటే అదే ఎక్కువ ఉపయోగం.

ఇంకో మాట, అన్ని బ్రౌజర్లూ అన్ని ఫీల్డులూ ఇవ్వవు. రాని ఫీల్డుని సున్నా అనుకుని లెక్క వేస్తే, ఆ బ్రౌజర్ వాళ్ళందరి కాల్స్ బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తాయి. రానిదాన్ని రాలేదనే చూపించాలి. ప్యాకెట్స్‌లాస్ట్ ఒక్కోసారి మైనస్‌లోకి కూడా పోతుంది, డూప్లికేట్లు వస్తే ఆర్‌ఎఫ్‌సీ 3550 అనే ఇంటర్నెట్ స్టాండర్డు ప్రకారం అది మామూలే, దాన్ని ఎర్రర్ అనుకుని కాల్ మొత్తం లెక్క పారేయొద్దు.

సంగీతం_టీచర్

ఒక్కటి అడుగుతాను. ఇవన్నీ సరిచేస్తే, నేనూ పిల్లా కలిసి పాడగలమా?

మీడియా_సర్వర్

లేదు టీచర్ గారూ, ఆ ఆశ పెట్టడం న్యాయం కాదు. విజయవాడ నుంచి డాలస్‌కి భూగోళం మీద దగ్గరి దారే 14 వేల కిలోమీటర్ల పైన. గాజుతీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే పోవడానికే 70 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి ఇంకో 70. కేబుళ్ళు దగ్గరి దారిన పోవు, పైగా బఫర్ ఆలస్యం వేరే ఉంది. కలిసి పాడాలంటే ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటకూడదు. మీరు పాడి, ఆపి, పిల్ల చేత పాడించడమే దారి. ఆమె తాళం మీకు ఆలస్యంగా వినిపిస్తే తప్పు పట్టకండి, తనకి తను వేసుకున్న తాళంతో కలుస్తోందా అన్నదే చూడండి.

పాతకాపు అన్నా, గీత ఎక్కడ గీయాలి అన్నది మంచి ప్రశ్న. ఏదో పుస్తకంలోంచి తెచ్చి నేను గీయను. క్యూఏ_టెస్టర్ చెప్పిన బటన్ పెట్టి, నొక్కిన క్షణాల్లో కల్పిత శాతం, సాగదీత ఎంతున్నాయో, నొక్కనప్పుడు ఎంతున్నాయో పక్కపక్కన పెడితే గీత ఎక్కడో ఈ టీచర్లే చూపిస్తారు. వైద్యుడితో మాట్లాడే యాప్‌కి ఆ గీత వేరేచోట ఉంటుంది, ఉండాలి కూడా. సగటు మీద కాకుండా, ప్రతి కాల్‌లో అన్నిటికన్నా చెడ్డ నిమిషం మీద అలర్ట్ పెట్టండి.

టెలికాం_పాతకాపు

బిల్డ్ మారినప్పుడు నెట్‌వర్క్ వైపు ఏమైనా చెడిందా అని చూడ్డానికి నేనైతే ఎంఓఎస్ ఉంచుతా, అందులో మాత్రం తగ్గను. కానీ దానికి "కాల్ క్వాలిటీ" అని పేరు పెట్టకు తమ్ముడూ, "నెట్‌వర్క్ అంచనా" అని పెట్టు, మేనేజర్లు చదివేది ఆ పేరే.

పాటల_యాప్

పేరు మార్చేశాను. బటన్ వచ్చే బిల్డ్‌లో వెళ్తుంది. నాయిస్ సప్రెషన్ పాట మోడ్‌లో ఆఫ్, మాటల మోడ్‌లో ఆన్, టీచర్ చేతిలోనే స్విచ్. టీచర్ గారూ, ఈ శనివారం క్లాసుకి ముందు మీ వైపు పాట మోడ్ ఆన్ చేసి పెడతాను, శ్రుతి ఆగిపోతే వెంటనే ఇక్కడే రాయండి.