రక్తనాళాల గడ్డ ఉన్నవారికి పన్ను తీయించవచ్చా?

ప్రశ్న: నమస్కారం. మేము గాజువాకలో ఉంటాము. మా అమ్మగారికి 58 ఏళ్లు. ఎడమ బుగ్గ లోపల చిన్నప్పటి నుంచీ నేరేడుపండు రంగులో మెత్తని ఉబ్బు ఉంది. అది హీమాంజియోమా (రక్తనాళాల గడ్డ) అనీ, క్యాన్సర్ కాదనీ లోగడ చెప్పారు. ఇప్పుడు అదే వైపు కింది దవడ పన్ను పుచ్చిపోయింది. దగ్గరలోని క్లినిక్‌లో తీయించవచ్చా?

జవాబు: నమస్కారమండీ. పన్ను కన్నా ముందు ఆ ఉబ్బు సంగతి తేలాలి. పసిపిల్లల్లో వచ్చే అసలైన హీమాంజియోమా మొదటి ఏడాది పెరిగి, తరువాత కొన్నేళ్లలో దానంతటదే కుంచించుకుపోతుంది. ఈ వయసులోనూ నిలిచి ఉందంటే అది చాలావరకు సిరల నిర్మాణ లోపమే (పుట్టుకతోనే సిరలు సరిగా ఏర్పడకపోవడం) అయి ఉంటుంది. ఈ రెండింటినీ 1982లోనే మల్లికెన్, గ్లోవాకీ అనే పరిశోధకులు వేరుచేసి చూపినా, రిపోర్టుల్లో ఇప్పటికీ ఒకే పేరు రాసేస్తుంటారు. గాజుపలకతో నొక్కితే పాలిపోయి, వదలగానే మళ్లీ నిండితే అందులో ఉన్నది రక్తమే. వేలికి నాడిలా కొట్టుకుంటే మాత్రం ధమని రక్తం వేగంగా పారుతోందని అనుమానించాలి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది పైకి కనిపించే ఉబ్బు కాదు, దవడ ఎముకలో దాగినది. కారణం లేకుండా చిగురు నుంచి నెత్తురు కారినా, నొక్కిన పన్ను లోపలికి దిగి మళ్లీ పైకి లేచినా, ఆ పన్ను తీసిన క్షణంలోనే ప్రాణాపాయం కలగవచ్చు. అందుకని దవడలు మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, రక్తం పారే తీరు చూపే కలర్ డాప్లర్ స్కాన్, అవసరమైతే ఎమ్మారై అయ్యేవరకు ఎవరినీ పన్ను ముట్టనివ్వకండి. ఎముకలో వేగంగా పారే రకమే ఉంటే, ముందుగా ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (స్కాన్‌లో చూస్తూ సన్నని గొట్టాలతో చికిత్స చేసే వైద్యులు) ఆ నాళాలను మూసి, కొత్త దారులు తెరుచుకోకముందే, అంటే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లోపు, పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు.

ప్రశ్న: డాప్లర్‌లో నెమ్మదిగా పారే రకమని వచ్చింది. ఎముక బాగానే ఉందన్నారు. అమ్మ గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నారు.

జవాబు: చాలా సంతోషం. ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపకండి, గుండె వైద్యులనే అడగండి. రక్తపరీక్షల్లో రక్తం గడ్డకట్టే తీరు తెలిపే డీ-డైమర్, ఫైబ్రినోజెన్ కూడా రాయించుకోండి, ఎందుకంటే పెద్ద సిరల గడ్డల్లో రక్తం లోలోపలే గడ్డకట్టి, గడ్డకట్టే పదార్థాలు తగ్గిపోతుంటాయి. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గానీ, దంత కళాశాల ఆసుపత్రిలో గానీ, ఇబ్బంది ఎదురైనా పగలే బయటపడి, వైద్యులు అందుబాటులో ఉండేలా ఉదయం పూటే చేయించండి. మత్తు సూది ఉబ్బులోంచి వెళ్లకూడదు. పన్నుకూ ఎముకకూ మధ్యనున్న సందులో ఇస్తే మేలు. పన్ను తీసిన గుంటలో జెలటిన్ స్పాంజ్ పెట్టి కుట్లు వేస్తారు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లంతో తడిపిన గాజుగుడ్డను కొరికి పట్టుకోమంటారు.

నొప్పికి పారాసిటమాల్ చాలు, ఐబుప్రోఫెన్ వద్దు. ఆ రోజంతా పుక్కిలించకూడదు, తల వంచి పనులు చేయకూడదు. ఇంటికి వచ్చాక రక్తం వస్తే, శుభ్రమైన గాజుగుడ్డను తీసి చూడకుండా 20 నిమిషాలు గట్టిగా కొరికి ఉంచమనండి. అప్పటికీ ఆగకపోతే నేరుగా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.