అప్‌డేట్: ఉదయం బ్యాచ్ ఒప్పుకున్నాను

మా యోగా మేడమ్ పురిటికి పుట్టింటికి వెళ్తూ, తను వచ్చేదాకా ఆరు గంటల బ్యాచ్ నన్ను నడపమన్నారనీ, నలుగురి ముందు నాకు నోరు పెగలదనీ, ఏం చేయమంటారని అడిగాను కదా. ఒప్పుకున్నాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనిచేసింది మాత్రం "పీల్చేదానికి రెట్టింపు సేపు వదలండి" అన్న మాట. 4 లెక్కపెడుతూ పీల్చడం, 8 లెక్కపెడుతూ వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, టెన్షన్ కూడా దిగుతుంది. పతంజలి యోగసూత్రాల్లోనూ (1.34) ఊపిరి వదలడం, నిలపడం మనసు కుదుటపడే మార్గాల్లో ఒకటి. బీపీ ఉంది కాబట్టి నిలపడం జోలికి పోలేదు. కపాలభాతి (ఊపిరిని గబగబా బయటికి నెట్టడం) చెప్పినవాళ్లు ఏమీ అనుకోకండి, అదీ అంతే. అన్నట్టు, యోగానికి అడ్డంకుల జాబితాలో (1.30) మూడోది సంశయమే! నా జబ్బు పేరు అక్కడ కనబడితే నవ్వొచ్చింది.

మొదటిరోజు వృక్షాసనం (ఒంటికాలి మీద నిలబడే ఆసనం) చూపిస్తూ తూలాను. ఎవరూ నవ్వలేదు. పైగా ఒక పెద్దాయన "గోడ పట్టుకోవచ్చా అమ్మా?" అన్నారు. అడగడానికి మొహమాటపడుతున్న మరో ఇద్దరు వెంటనే గోడ దగ్గరికి జరిగారు. "ఎదురుగా ఒకచోట చూపు నిలపండి" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది.

మేడమ్ ఇప్పుడు సాయంత్రం బ్యాచ్ శాశ్వతంగా నన్నే తీసుకోమంటున్నారు. సరేనన్నాను. ఫీజులో నా వాటా ఎంత అడగాలో మళ్లీ మీరే చెప్పాలి.