ఐదో నెల బిడ్డతో చేన్లో కాపురం పెట్టొచ్చా? మా ఇంట్లో ఇదే పంచాయితీ

కొర్రచేను (కళ్యాణదుర్గం దగ్గర)

అన్నలకు, అక్కలకు నమస్తే. మాకు ఐదెకరాల ఎర్రనేల, ఒక బోరు ఉన్నాయి. బోరు ఎండాకాలంలో ఆగి ఆగి పోస్తుంది. ఎరువులు, మందులు మానేసి ప్రకృతి సేద్యంలోకి దిగినా. సెనక్కాయలో కంది, జొన్న జాట్లు వేస్తా. ఒక ముక్కలో కొర్ర, బోరు కింద కూరగాయలు. ఒక ఆవు, దూడ, నాటుకోళ్ళు. చేను ఊరికి రెండు కిలోమీటర్ల పైనే. అక్కడే రేకుల ఇల్లు వేసుకున్నాం, ముందర పంచ, పక్కన వేపచెట్టు.

మా ఆవిడ తొలి కాన్పుకు తాడిపత్రిలో పుట్టింట్లో ఉంది. పాప. ఐదో నెలలో పిలుచుకొస్తాం, అంటే ఏప్రిల్. చేన్లోనే ఉందామని నేను. ఊర్లో ఇంట్లోనే ఉండాలని మా అమ్మ. తొమ్మిదో నెల దాకా పంపేది లేదని మా మామ. మందు వాసన లేని గాలి, మన ఆవు పాలు, మన ఆకుకూర. బిడ్డ పెరగడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? పెద్దోళ్ళది ఊరికే భయమా? మొహమాటం లేకుండా చెప్పండి.

మడక పట్టిన చెయ్యి (ఉరవకొండ)

ఏం భయం తమ్ముడూ! మేమంతా చీర ఉయ్యాలల్లో పెరిగినోళ్ళమే. మా అమ్మ నన్ను చింతకొమ్మకు కట్టి సాలు వెంబడి కలుపు తీసింది. నాకేమైంది? ఇప్పటికీ మూట మోస్తా. ఈ కాలం పిల్లలకు మట్టి తగిలితే శానిటైజర్ పూస్తారు. పిలుచుకొచ్చెయ్.

గుత్తి బుల్లోడు

ఉయ్యాల కట్టిందా, నిన్నే కట్టిందా మామా?

సూదక్క (ఏఎన్ఎం)

"నాకేమైంది" అన్నాడు పైన అన్న. ఏమన్నా అయిన బిడ్డలు ఈడికొచ్చి రాయలేరు కదన్నా.

తమ్ముడూ, చేను వద్దని నేను చెప్పను. కొన్ని మాటలు అడుగుతా, జవాబు నీకే తెలుస్తుంది.

బోరు నీళ్ళు పరీక్ష చేయించినావా? మన జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి ఎవరికీ కొత్త కాదు. 1990ల్లో సత్యసాయి ట్రస్టు వందల పల్లెలకు పైపులేసి నీళ్ళు తెచ్చిందంటే ఊరికే తేలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. కాస్తే పోతుందని కొందరనుకుంటారు. పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల దాకా పాపకు తల్లిపాలు తప్ప నీళ్ళ చుక్క కూడా వద్దు, ఎంత ఎండ కాసినా సరే. ఆ తర్వాత సంగటి, పప్పుకట్టు మొదలుపెడతారు చూడు, అప్పటి నుంచి ఆ నీళ్ళ లెక్క మొదలవుతుంది.

"మన ఆవు పాలు" అన్నావు. ఎవరికి? పాపకైతే ఏడాది నిండేదాకా తల్లిపాలకు బదులు ఆవు పాలు పట్టొద్దు. కాచి వాళ్ళమ్మకు ఇయ్యి. వేపచెట్టుకు తేనెపట్టు పడితే ముచ్చటపడి పాప నాలుకకు రాసేరు. ఏడాది లోపు తేనె అసలొద్దు.

సెనక్కాయ మూటలు ఎక్కడ పెడతావు? పడుకునే గదిలోనే పెడితే ఎలుకలొస్తాయి, వాటి వెనకాలే కట్లపాము వస్తుంది. అది రాత్రి పూట కింద పడుకున్నోళ్ళనే ఎక్కువ కరుస్తుంది. చాలాసార్లు కరిచినట్టు కూడా తెలీదు. కాబట్టి మూటలు వేరే చోట, మనుషులు మంచం మీద. దోమతెర అంచు పరుపు కిందికి దోపాలి.

ఇక టీకాలు. 6, 10, 14 వారాలవి తాడిపత్రిలోనే అయిపోయుంటాయి, మళ్ళీ 9 నెలలకే. టీకాల కోసమని ఆపాల్సిన పని లేదని మీ మామకు చెప్పు. కార్డు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకోండి.

నా అభ్యంతరమల్లా నెల మీదనే. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం రేకుల కింద పెద్దోళ్ళే కూర్చోలేరు. జూన్‌లో నాలుగు చినుకులు పడినాక తీసుకురా.

కొర్రచేను

అక్కా, నీళ్ళు పరీక్షకు పంపిస్తా. మూటలు ఇప్పటిదాకా ఇంట్లోనే ఉన్నాయి, పంచకు మారుస్తా. జూన్ అంటేనే ఇబ్బంది. అప్పుడు విత్తనం పని మొదలు. పదునుంటే పొద్దున్నుంచి రాత్రి దాకా చేన్లోనే. అందుకే ముందే వచ్చి కుదురుకుంటే మేలని.

సీమకోడలు (శింగనమల)

ఇబ్బంది ఎవరికి తమ్ముడూ? విత్తనానికి ఇంకో జత చేతులుంటాయనే కదా ఏప్రిల్ అంటున్నావు? కాదని చెప్పు, నేను నోరు మూసుకుంటా.

నేను చేన్లోనే బిడ్డను సాకినదాన్ని. పైన వాళ్ళంతా పాము, నీళ్ళు అంటున్నారు. నాకైతే పాము కనపడలేదు. డ్రమ్ము కనపడింది. తెలీనోళ్ళ కోసం చెప్తున్నా: 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను వేసి, రెండు రోజులు నీడలో పెట్టి, పొద్దున సాయంత్రం కలపాలి. అదే జీవామృతం. మా ఆయన మీటింగులకు పోయి దాని గురించి బాగా చెప్పేవాడు. కలిపేది నేను.

పేడ పిసికిన చేతులు ఎంత సబ్బు పెట్టినా గోళ్ళ సందుల్లో వాసన పోదు. బిడ్డ ఏడుస్తా ఉంటుంది. ఆ చేత్తో ఎత్తుకోవాలా, కడుక్కునేదాకా ఏడవనియ్యాలా? నేను అరచేతులు పైకి పెట్టి మోచేతుల మీద ఎత్తుకొని, పళ్ళతో పైట పక్కకు లాక్కొని పాలిచ్చేదాన్ని. అది చూసి ఒక సారు "ప్రకృతిలో మాతృత్వం" అని ఫోటో తీసుకున్నాడు.

కలుపు మందు కొట్టం కాబట్టి కలుపు చేత్తో తీయాలి. ఆవుంది కాబట్టి కసువు ఎత్తాలి, నీళ్ళు పెట్టాలి, పాలు పిండాలి. "పెట్టుబడి లేని సేద్యం" అని 2016లో మన రాష్ట్రంలో మొదలుపెట్టినప్పుడు మా ఊర్లో కూడా అదే మాట. కూలోళ్ళను పెట్టుకుంటే పెట్టుబడి, పెండ్లాం చేస్తే సున్నా. ఆఫీసులో చేసే ఆడమనిషికి 2017లో చట్టం మార్చి 26 వారాల సెలవిచ్చారు. మనకు సెలవంటే పుట్టినిల్లే. మీ మామ తొమ్మిదో నెల దాకా పంపనంటే నీకు మొండితనంగా కనపడుతోంది. ఆయన కూతురికి సెలవు పొడిగిస్తున్నాడు, అంతే.

ఊర్లో ఉంటే బిడ్డ ఒక్కరి చేతిలోనే ఉండదు. కాళ్ళ మీద పండబెట్టుకొని నీళ్ళు పోసేది ఒకరు, సాంబ్రాణి పట్టేది ఇంకొకరు, బడి విడిచినాక ఎత్తుకొని తిప్పే పిల్లోళ్ళు నలుగురు. చేన్లో నేను, బిడ్డ, ఆవు. స్నానానికి పోవాలన్నా ఉయ్యాల కనపడేలా తలుపు ఓరగా పెట్టుకొని రెండు చెంబులు గుమ్మరించుకొని వచ్చేదాన్ని.

ఇంత చెప్పి కూడా చేను వద్దని అనను. నా బిడ్డకు జలుబు, దగ్గు తక్కువ, అది నిజం. చేన్లో బిడ్డ ఉండొచ్చు. బిడ్డను సాకే మనిషిని కూలిమనిషిని చేయొద్దు.

మడక పట్టిన చెయ్యి

మా అమ్మ అన్నీ చేసింది, ఏ రోజూ ఇట్ల లెక్క చెప్పలేదమ్మా. సంసారమంటే లెక్కలు కాదు.

పెన్నగట్టు (పామిడి)

మా జేజి పక్కన కూర్చొని అన్నీ చదివించుకుంది. ఆమె చెప్తాంటే నేను రాస్తాండా, తిట్లు తీసేసి:

"ఒరే ఉరవకొండోడా, మీ యమ్మ లెక్క చెప్పలేదంటే నువ్వు అడగలేదు కాబట్టి. ఉయ్యాల ముచ్చటకు కట్టినామా? ఒకపూట పోకుంటే కూలి పోతాది. ముసిలోళ్ళుంటే బిడ్డను ఇంట్లో ఇడిసిపోతాంటిమి, లేనోళ్ళం చెట్టుకు కడతాంటిమి. చీమలు పట్టకుండా తాడుకు ఆముదం పూస్తాంటిమి. గట్టు మీద బిడ్డ ఏడిస్తే రొమ్ములు తడుస్తాయి, సాలు ఇడిసి పోతే సేద్యగాడు అరుస్తాడు. అదేమన్నా భోగమా? ఆ పిల్ల ఏమంటాందో ఒక్కరన్నా అడిగినారా?"

అడిగింది మా జేజి. నాకేం సంబంధం లేదు.

గాలిమర (బెలుగుప్ప)

నాదొక చిన్న మాట. పడమటి పక్క చేను ఎవరిది, ఏం పంట? మన వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో పడమటి గాలి తలుపులు పీకేస్తుంది. పక్కోడిది టమాట అయితే వాడు కొట్టే మందంతా నీ పంచలోకే. నీ ప్రకృతి సేద్యం నీ గట్టు దాకానే.

కొర్రచేను

టమాటే అన్నా, పడమటి పక్కనే. మందు కొట్టే ముందురోజు చెప్తాడు, మంచోడే. ఆ రోజు ఊర్లోకి వచ్చేస్తాం. సీమకోడలక్కా, విత్తనం మాట నువ్వు అడిగినాక కాదనలేను. తనే సాలు వెంబడి గింజలు వేస్తుంది, చేయి బాగా తిరిగింది. పోయిన ఏడు నెల తప్పినాక కూడా వేసింది. పామిడి జేజి కాలం సంగతి తెలీదుగానీ, మా ఆవిడ మాత్రం చేనంటే ఇష్టపడే చేసింది.

సీమకోడలు

ఇష్టపడే నేనూ చేసినా తమ్ముడూ. ఇష్టమున్నోళ్ళకే పని ఎక్కువ పడుతుంది.

నవధాన్యం (ప్రకృతి సేద్యం కార్యకర్త, కణేకల్లు)

అక్క కోపంలో న్యాయముంది, కానీ ప్రకృతి సేద్యం అంటేనే ఆడోళ్ళకు చాకిరీ అనే దానికి నేను ఒప్పుకోను. మందుల సేద్యంలో మాత్రం మందు నీళ్ళు మోసిచ్చేది ఎవరు? ఆ మందు తడిసిన చొక్కాలు ఉతికేది ఎవరు? బాలింతకు అది ఇంకా ప్రమాదం.

తమ్ముడూ, బిడ్డ ఉన్న ఏడాదికి సేద్యాన్ని కుదించుకో. సెనక్కాయ అంటే కలుపు, పీకడం, కాయ విడదీయడం, అన్నిటికీ మనుషులే. ఈ ఏడు ఇంటి మందం ఒక ఎకరా చాలు. మిగతా దాంట్లో వానకు ముందే నవధాన్యాలు చల్లు. విత్తనాలకు బంకమన్ను, బూడిద, ఘనజీవామృతం (నీళ్ళగా కాక ఆరబెట్టి పెట్టుకునే జీవామృతం) పట్టించి గుండ్లలాగా చేసి ఏప్రిల్, మేలో చల్లేస్తే ముంగారు చినుకుకు మొలుస్తాయి. నేలంతా కప్పుకుంటుంది, కలుపు అణుగుతుంది. ఆవుకు మేత, ఇంటికి ఆకుకూర. సెప్టెంబరు వానలకు ఉలవ చల్లుకో, దానికి పెద్ద చాకిరీ లేదు. ద్రవజీవామృతం వారంలోపు వాడెయ్యాలి, అందుకే ఎప్పుడూ ఆ డ్రమ్ము చుట్టూ తిరగాలి. ఘనజీవామృతం ఒకసారి చేసి నీడలో ఆరబెట్టి గోనెసంచుల్లో పెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది. నీ ఆవిడ వచ్చేలోపు నువ్వే చేసి పెట్టుకో.

గుత్తి బుల్లోడు

ఐదెకరాల్లో ఎకరా సెనక్కాయ, మిగతా ఉలవలు అంటే అప్పు ఎవరు కడతారు అన్నా? బ్యాంకోడికి ఉలవలు కొలుస్తాడా?

నవధాన్యం

ఐదెకరాలు సెనక్కాయ వేసి వాన ఎగ్గొడితే కట్టేదెవరు? మన జిల్లాలో అది కొత్త సంగతా?

సూదక్క

అప్పుల గొడవ వేరే చోట పెట్టుకోండి. చేన్లో ఉన్నా ఊరి అంగన్‌వాడీలో, ఆశా దగ్గర తల్లీబిడ్డల పేర్లు రాయించాలి, లేకుంటే బాలింతకొచ్చే గుడ్లు, పాలు పోతాయి. తొలి కాన్పుకు మాతృవందన డబ్బులు 5,000 వస్తాయి, అప్లై చేయకుంటే చేసుకోండి. 108కు ఫోన్ చేస్తే దారి చెప్పేదానికి చేను దగ్గర గుర్తు ఏమన్నా ఉందా? రాత్రి పూట "వేపచెట్టు పక్కన" అంటే డ్రైవరుకు ఏం తెలుస్తుంది? లొకేషన్ ఫోన్లో పెట్టుకోండి. ఇంట్లో బండి రాత్రిళ్ళు ఖాళీ ట్యాంకుతో ఉండకూడదు.

కొర్రచేను

పామిడి జేజి అడిగిందని ఈ చర్చంతా మా ఆవిడకు పంపినా. ఒక రోజు బదులే లేదు. రాత్రి వాయిస్ పెట్టింది. పెట్టమన్నంత వరకు పెడుతున్నా.

ఊర్లో ఇల్లు తనకు వద్దంట. అత్తతో పేచీ ఏమీ లేదు, ఆ ఇంట్లో చిన్నాన్నోళ్ళూ ఉంటారు, పాలివ్వాలంటే తలుపేసుకునే గది లేదు. పోయినసారి అక్కడ ఉన్నప్పుడు, తిన్నప్పుడల్లా ఎవరో ఒకరు వంకాయ తినొద్దు, పెరుగు తినొద్దు అని పళ్ళెం చూసి చెప్పేవాళ్ళంట. చేన్లోనే ఉంటానంది. జూన్‌లో వస్తానంది. డ్రమ్ము ముట్టదు, ఈ ముంగారుకు సాలు వెంబడి రాదు. ఆవును ఏడాది పాటు ఎవరికన్నా పాలికి, అంటే వాటా మీద మేపేదానికి, ఇచ్చెయ్యమంది. రేకుల మీద జొన్నసొప్ప పరిపించమంది. ఆఖరుది: అత్త కూడా తనతో చేన్లో ఉండాలి, చోటు చాలకుంటే నేను పోయి ఊర్లో పడుకోవాలంట.

మా అమ్మకు చెప్తే నవ్వి, మంచం ఎప్పుడు తీసుకుపోవాలని అడిగింది. మామ ఇంకా పలకలేదు.

మడక పట్టిన చెయ్యి

ఆవును ఇచ్చేసినాక ఇంక ప్రకృతి సేద్యం ఏం చేస్తావు తమ్ముడూ? పేడ యాడనుంచి తెస్తావు?

కొర్రచేను

పక్క చేనాయన మేపుతానన్నాడు మామా, టమాట ఆయనే. పాలు వాళ్ళవి, పేడ మనది. రోజూ పొద్దున పోయి గంపతో తెచ్చుకుంటా.

సీమకోడలు

గంప నువ్వే మొయ్యి. దూడ ఎవరిదో ముందే పెద్దమనుషుల ముందర మాట్లాడుకో. మా ఆవు అట్ల పోయి ఈనితే, పెయ్యదూడ వాళ్ళదే అన్నారు.