బోరు నీళ్లు తెల్లారేసరికి ఎర్రగ అయితున్నయ్, ఫ్లోరైడా? మూసీ కెమికలా?

మూసీ_ఒడ్డు:

అందరికి నమస్తే. మాది వలిగొండ దిక్కు ఊరు, ఇంటికి మూసీ అర కిలోమీటరు గూడ ఉండదు. నేను హైదరాబాద్‌ల జాబ్ చేస్త, సంక్రాంతికి ఊరికి పోయిన. రాత్రి బోరు నీళ్లు బిందెల పట్టి మూత పెట్టి పండుకున్నం, పట్టినప్పుడు అద్దం లెక్క ఉన్నయ్, తెల్లారి మూత తీస్తే మీద నూనె పోసినట్టు రంగులు రంగులుగ పొర, అడుగున ఇటుకపొడి లెక్క మడ్డి. అమ్మేమో ఏం కాదురా అని బట్టల వడగట్టి కాగబెట్టి తాగుతున్నది. మోకాళ్లు గుంజుతున్నయ్ అంటది, పక్కింటోళ్లు ఫ్లోరైడ్ అంటున్రు, మా మామ పట్నం కంపెనీల మందు నీళ్లు అంటడు, మిషన్ అమ్మెటాయన వచ్చి చిన్న పెన్ను లాంటిది ముంచి 1300 చూపెట్టి ఆర్వో కొనమంటున్నడు. అసలు ఏంది ఇది? తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.

నాంపల్లి_పంతులు:

తమ్ముడూ, నేను రిటైరైన కెమిస్ట్రీ సారుని, ఫ్లోరైడ్ మండలంలో పుట్టి పెరిగినోణ్ని. మీ ఇంట్లో మూడు వేరే వేరే సంగతులు కలిసిపోయినయ్, ఒక్కొక్కటి విడదీస్తా.

ముందు ఆ పొర. పుల్లతో మెల్లగా కదిలించి చూడు. పెంకుల్లాగా ముక్కలు ముక్కలుగా విడిపోతే అది ఇనుము, విడిపోయి మళ్లీ కలిసిపోతే నూనె. బోరు లోపల గాలి ఉండదు కాబట్టి ఇనుము నీళ్లలో కరిగే ఉంటది, బిందెలోకి వచ్చి గాలి తగిలినంక తుప్పు అయి అడుగున కూర్చుంటది. చూడనీకి భయం గానీ మీ మూడు అనుమానాల్లో అదే చిన్నది.

ఫ్లోరైడ్ ఏ కంపెనీ పోసింది కాదు. మన నేల కింద ఉన్న గ్రానైట్ రాయిలోనే ఉంది, రాయి మీద నీళ్లు ఎన్నేండ్లు నిలిస్తే అంత కరుగుతది. చెరువులు ఎండి చేదబాయిలు పోయి బోర్లు వందల ఫీట్లు దిగినకొద్దీ మర్రిగూడ, మునుగోడు దిక్కు జనం ఆ పాత నీళ్లే తాగాల్సి వచ్చింది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలె, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై అది మిగులుతది కాబట్టి ఇంకా చిక్కబడుతది. అమ్మకు ఈ ముక్క తప్పకుండా చెప్పు. పిల్లలకైతే నోట్లో పండ్లు తయారయ్యే వయసులో పడితే గారపండ్లు వస్తయ్, పెద్దోళ్లకు ఏండ్ల తరబడి తాగితే ఎముకల్లో కూర్చుంటది. అట్లని మోకాళ్లు గుంజినోళ్లందరికీ ఫ్లోరైడ్ కాదు, వయసుతో అరిగి కూడా గుంజుతయ్, డాక్టరు చూడాలె.

ఆ పెన్ను టీడీఎస్ మీటరు. నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతో అదే చూపిస్తది, 500 లోపు మంచిది, గతిలేకుంటే 2000 దాకా ఒప్పుకుంటరు. అందులో ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అన్నది దానికి తెల్వదు. అది చూపించి మిషన్ అమ్ముడంటే చెయ్యి ముట్టుకుని జ్వరం అని చెప్పి ఆపరేషన్‌కు డేట్ ఇచ్చినట్టే. (ఆర్వో ఫ్లోరైడ్‌ను తీస్తది, అది నిజమే. ఏది తియ్యాల్నో తెలిసినంక కొను.)

చివరికి మూసీ. ఒడ్డు మీద ఉన్నవు కాబట్టి నాకు అసలు అనుమానం మురుగు నుంచి, ఎరువుల నుంచి నీళ్లలో దిగే నైట్రేట్ మీద, మురుగు క్రిముల మీద. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దు, సీసాపాలు తాగే చంటిపిల్లలు ఉన్న ఇంట్లో అయితే అసలే దాటొద్దు, రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగ అయితది. ఇది కూడా మరిగిస్తే పోదు. క్రిములు మాత్రం పోతయ్.

కత్వ_కింది_రైతు:

సార్ మంచిగ చెప్పిండు. మూసీ సంగతి నేను చెప్త, మాది కత్వ (మూసీకి అడ్డం కట్టిన చిన్న ఆనకట్ట) కింద నాలుగెకరాలు. అనంతగిరి గుట్టల పుట్టిన నీళ్లు పట్నం దాటేసరికి ఏమైతయో చూడాల్నంటే వానాకాలం కత్వ కాడికి రా తమ్మి, సబ్బు నురుగు మనిషెత్తు లేస్తది, గాలికి ముద్దలు ముద్దలుగ రోడ్డు మీదికి కొట్టుకొస్తది, బండ్లు ఆపుకోవాలె. మా పొలంల యూరియా ఎయ్యకున్నా పైరు నల్లగ వస్తది, చూసినోడు అబ్బ ఏం పంట అంటడు, ఈనెటాళ్లకు మొత్తం పడిపోతది, తాలు ఎక్కువ, తెగులు ఎక్కువ. నాట్లకొచ్చే ఆడోళ్లు కాళ్లకు కొబ్బరినూనె రాసుకొని దిగుతరు, అయినా రాత్రికి దురద. పక్క ఊరోళ్లయితే మూసీ పొలం అంటే కూలి ఎక్కువ అడుగుతున్రు. తొలకరి వరద వచ్చినప్పుడు ఏడాది మడ్డి అంతా ఒక్కసారే లేచి నీళ్లల్ల గాలి లేక చేపలు తెల్లగ తేలుతయ్. మా నాయిన అయితే ఈ నీళ్లే దోసిట్ల పట్టి తాగిన అంటడు, నాకైతే నమ్మబుద్ధి కాదు.

మిషన్ కొను కొనకు నీ ఇష్టం, ముందు లాబ్‌కు ఇయ్యి.

పటాన్_షిఫ్ట్:

కత్వ అన్న చెప్పింది ఇండ్ల మురుగు, దానికి మందు కంపెనీల సంగతి గూడ కలుపుకోవాలె. 2007ల స్వీడన్ సైంటిస్టులు పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు కొలిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వచ్చింది, గోలి ఏసుకున్న మనిషి రక్తంల ఉండేదానికంటే ఎక్కువ. అప్పట్ల ఆ నీళ్లు నక్కవాగు మీదికెళ్లి మంజీరకు పోయేటియి, తర్వాత 18 కిలోమీటర్ల పైపేసి అంబర్‌పేట ప్లాంటు దిక్కు మళ్లించిన్రు, అంటే మూసీకే కదా. మురుగు శుద్ధి చేసే ప్లాంటు కరిగిన మందుల్ని మొత్తం తియ్యలేదు. మామూలు లాబ్ టెస్టుల గూడ ఇవి రావు, రిపోర్టు మంచిగ వచ్చిందని మూసీ పక్క బోరు నీళ్లు ధైర్యంగ తాగమని నేనైతే చెప్ప.

ఊక_నుసి_బాధితురాలు:

నీళ్లొక్కటే కాదండి, మాది మిర్యాలగూడ, మిల్లుల పక్కన. పొద్దున దండెం మీద తెల్ల చీర ఆరేస్తే మధ్యాహ్నానికి ఆవాలు చల్లినట్టు నల్ల నుసి, దులిపితే ఊడదు, రుద్దితే గీత పడుతుంది. బాయిలర్లలో ఊక కాల్చిన బూడిద అది. కంటికి కనిపించేది కళ్లలోనే పడుతుంది, కనిపించని సన్న ధూళి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుందని మా పాపకు ఆయాసం వచ్చినప్పుడు డాక్టరు చెప్పారు. కోతల టైంలో హార్వెస్టర్ పోయిన వెంటనే కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు, అప్పుడు పదిరోజులు కిటికీ తెరవను. 2019లో కేంద్రం గాలి బాగుచెయ్యాలని పెట్టుకున్న ఊర్ల లిస్టులో నల్లగొండ కూడా ఉంది, మా చుట్టాలకు చెప్తే నవ్వుతారు, అంత చిన్న ఊర్లో పొల్యూషన్ ఏంది అని.

జడ్చర్ల_బాబు:

అన్నీ బంద్ చేస్తే పోరగాండ్లకు ఉద్యోగాలు ఎవరిస్తరు? మా తమ్ముడు ఫార్మా సెజ్‌లనే చేస్తడు.

కత్వ_కింది_రైతు:

బంద్ చెయ్యమని ఎవలన్నరు బాబు, కడిగి ఇడువుమంటున్నం.

మూసీ_ఒడ్డు:

అందరికి థ్యాంక్స్. పుల్లతో కదిలించిన, పెంకుల్లెక్కనే పగిలింది సార్. బోరు ఐదు నిమిషాలు ఇడిచి రెండు బాటిళ్లు పట్టి లాబ్‌ల ఇచ్చిన, క్రిములకు వేరే సీసా వాళ్లే ఇచ్చిన్రు. ఫ్లోరైడ్ 0.9. నైట్రేట్ 78. క్రిముల సీసా ఒక్కరోజులనే నల్లగ అయింది, నల్లగైతే మురుగు కలిసినట్టే అని చెప్పిన్రు. అమ్మను డాక్టరుకు చూపెట్టిన, అరుగుడే అన్నడు. ఇగ బోరు నీళ్లు బట్టలకు, బాసండ్లకు, తాగనీకి నల్లా నీళ్లు అని చెప్పి వచ్చిన. నిన్న ఫోన్ చేస్తే నల్లా నీళ్లు చప్పగున్నయ్ రా, అన్నం ఉడుకుతలేదు అంటున్నది, సప్పుడు చెయ్యకుంట మళ్ల బోరు కాడికే పోతున్నదని మా చెల్లె చెప్పింది.